ఐదు వికలల తేడా
(భూపటలపు తూకము తెలిసిన విధము)

తిరుపతినుండి తిరుమలకు పోవు కనుమదారిలో కొండను తొలిచిన చోట రెండు జాతుల రాళ్లు ఒకదానిపై ఒకటి కనబడును. క్రిందిది గ్రానైటు, పైది పొరలు పొరలుగా నున్న క్వార్ట్జైటు. గ్రానైటు నేలపై పుట్టు రాయి కాదు. కరగిన శిలాద్రవము భూగర్భమున కొన్ని కిలోమీటర్ల లోతున మెల్లగా చల్లారి గట్టిపడినప్పుడు అది ఏర్పడును. క్వార్ట్జైటు చరిత్ర వేరు. అది ఒకప్పుడు లోతులేని నీటి అడుగున పేరుకొనిన ఇసుక. అనగా లోతున పుట్టిన రాయి పైకి వచ్చినది; పిమ్మట నీటి క్రిందికి దిగి ఇసుకను మోసినది; మరల ఆ బరువుతోనే కొండయై నిలిచినది. ఇంతటి బరువు పైకి లేచుటెట్లు? క్రిందికి దిగుటెట్లు?

ఈ ప్రశ్నకు కావలసిన మూలసూత్రమును మొదట పట్టుకొన్నవారు రాళ్లను పరీక్షించు భూవిజ్ఞానులు కారు. నేలను కొలుచువారు, నక్షత్రములను చూచువారు, గణితము చేయువారు కలిసి దానిని కనుగొనిరి. అందుకు కారణము, కొలతలో కనబడిన ఐదు వికలల తేడా మాత్రమే.

మద్రాసులో మొదలైన కొలత

1802 ఏప్రిల్ 10వ తేదీన విలియం లాంబ్టన్ అను సైనికాధికారి మద్రాసు దగ్గరి సెయింట్ థామస్ మౌంటు వద్ద ఒక ఆధారరేఖను కొలువ మొదలిడెను. నూరు అడుగుల ఉక్కు గొలుసుతో దాదాపు 12 కిలోమీటర్ల దూరమును అతి జాగ్రత్తగా కొలిచిరి. త్రిభుజములో ఒక భుజమును, దాని రెండు కొనల వద్ద కోణములను తెలిసికొన్నచో మిగిలిన రెండు భుజములను లెక్కవేయవచ్చునని విద్యార్థులు ఎరిగినదే. అట్లు తెలిసిన భుజము మరియొక త్రిభుజమునకు ఆధారమగును. ఈ రీతిగా కొండ శిఖరములను, గోపురములను గురుతులుగా పెట్టుకొని, త్రిభుజము వెంట త్రిభుజము అల్లుకొనుచు దేశమంతయు కొలువవచ్చును. ఇదియే త్రిభుజీకరణము.

ఈ త్రిభుజములలో ముఖ్యమైన వరుస కన్యాకుమారి నుండి ఉత్తరముగా హిమాలయముల వరకు సాగినది. దీనికి మహాచాపమని పేరు. ఈ వరుస రాయలసీమ మీదుగా పోయినది. 1811లో గుత్తి వద్దను, 1815లో బీదరు వద్దను లెక్క సరిచూచుటకు క్రొత్త ఆధారరేఖలను కొలిచిరి. లాంబ్టన్ 1823లో మధ్యభారతమున హింగన్‌ఘాట్ వద్ద మరణించెను. అతని వెనుక జార్జి ఎవరెస్టు పనిని సాగించెను. 1840 ప్రాంతమున కొలత హిమాలయ పాదములను చేరినది. మొత్తము చాపము పొడవు సుమారు 2,400 కిలోమీటర్లు.

దీని ప్రయోజనము దేశపటములు గీయుటతో తీరలేదు. భూమి ధ్రువముల వద్ద ఎంత నొక్కుకొని యున్నదో, అనగా దాని సరియైన ఆకారమేమో తెలిసికొనుటకు ఇట్టి పొడవైన చాపముల కొలతయే ఆధారము. భూమి ఆకారమును తప్పుగా తీసికొన్నచో ఆ లెక్కపై గీచిన ప్రతి పటమును తప్పగును.

తూకపు గుండు, నక్షత్రము

రెండు ఊళ్లకు నడుమ అక్షాంశ భేదమును రెండు విధముల తెలిసికొనవచ్చును. మొదటిది, త్రిభుజములతో దూరమును కొలిచి దానినుండి లెక్కవేయుట. రెండవది, ప్రతి ఊరిలోను నక్షత్రములు నడినెత్తికి ఎంత దూరముననున్నవో చూచి నిర్ణయించుట.

ఈ రెండవ పద్ధతిలో నడినెత్తి ఎక్కడనో తెలియవలెను. దానిని చూపునది తాపీపనివారి చేతిలో నుండునట్టి తూకపు గుండే. త్రాటికి వ్రేలాడు గుండు నేరుగా క్రిందికి చూపునని అందరును నమ్ముదురు. కాని ప్రతి పదార్థమును ప్రతి పదార్థమును ఆకర్షించునని న్యూటను సిద్ధాంతము. ప్రక్కన పెద్ద కొండ యున్నచో అది గుండును తనవైపు కొంచెము లాగవలెను. కొండ ఉత్తరమున నున్నచో గుండు ఉత్తరమునకు ఒరగును. నడినెత్తి బిందువు దక్షిణమునకు జరిగినట్లగును. అక్షాంశము నిజమునకన్న తక్కువగా వచ్చును.

మధ్యభారతమున సిరోంజి దగ్గరి కల్యాణపురము, ఉత్తరమున ముజఫర్‌నగరు దగ్గరి కలియానా అనునవి మహాచాపములో రెండు ముఖ్య స్థానములు. వీని నడుమ దూరము సుమారు 600 కిలోమీటర్లు. త్రిభుజముల లెక్కవలన వీని అక్షాంశ భేదము 5 భాగల 23 కలల 42.294 వికలలు. నక్షత్ర పరిశీలనవలన 5 భాగల 23 కలల 37.058 వికలలు. తేడా 5.236 వికలలు.

డిగ్రీకి మన పేరు భాగ. భాగలో అరువదవ వంతు కల. కలలో అరువదవ వంతు వికల. నేలపై ఒక వికల సుమారు 31 మీటర్లు. కాబట్టి ఈ తేడా దాదాపు 160 మీటర్లు. 600 కిలోమీటర్లలో 160 మీటర్లు ఎంత అని తోచవచ్చును. కాని డెహ్రాడూను వద్ద ఆధారరేఖను నేలపై కొలిచి, దూరమునుండి వచ్చిన త్రిభుజముల లెక్కతో పోల్చినపుడు తేడా కొన్ని అంగుళములు మాత్రమే. అంత నిక్కచ్చియైన పనిలో 160 మీటర్లు చిన్న సంగతి కాదు. ఎవరెస్టు దీనిని కొలతలలో చేరిన చిన్న చిన్న దోషముల ఫలితముగా భావించి, ఆ తేడాను చాపము పొడవున సర్దివేసెను.

ప్రాట్ లెక్క

ఆ సర్దుబాటుతో తృప్తిపడనివాడు జాన్ హెన్రీ ప్రాట్. అతడు కేంబ్రిడ్జిలో గణితము చదివి, కలకత్తాలో ఆర్చిడీకన్‌గా నున్న క్రైస్తవ మతాధికారి. కలియానా హిమాలయములకు చేరువ, కల్యాణపురము దూరము. కావున ఆ తేడాకు కారణము హిమాలయముల ఆకర్షణయే కావలెనని అతడు తలచెను. ఊహతో ఆగక హిమాలయములను, వాని వెనుకనున్న టిబెట్టు పీఠభూమిని ఖండములుగా విభజించి, ఒక్కొక్క ఖండపు ద్రవ్యరాశి గుండును ఎంత లాగునో లెక్కించెను.

ఫలితము విచిత్రముగా వచ్చినది. కలియానాలో గుండు 27.853 వికలలు ఒరగవలెను, కల్యాణపురమున 11.968 వికలలు. వీని భేదము 15.885 వికలలు. కనబడిన తేడా 5.236 మాత్రమే. అనగా హిమాలయములు లాగవలసిన దానిలో మూడవ వంతు మాత్రమే లాగుచున్నవి! అంతేకాదు. బీదరు సమీపమున నాటి నిజాము రాజ్యములోనున్న దామర్గిడ్డ స్థానము కలియానాకు 1,200 కిలోమీటర్లకు పైగా దక్షిణమున నున్నది. అక్కడ కూడ గుండు 6.909 వికలలు ఒరగవలెనని ఆ లెక్క చెప్పినది. ఇది నిజమైనచో దక్కను పీఠభూమిలో చూచిన అక్షాంశములను సైతము నమ్మరాదు.

ప్రాట్ తన లెక్కను తిరిగి తిరిగి పరిశీలించెను. పర్వతముల ఎత్తులను, సాంద్రతను కొంత తగ్గించి చూచినను తేడా పూడలేదు. తాను వివరింపదలచిన దానికి సరిపడని ఫలితమును అతడు దాచిపెట్టలేదు. 1854 డిసెంబరులో లండనులోని రాయల్ సొసైటీ ముందుంచెను. విజ్ఞాన చరిత్రలో ఈ వ్యాసము నిలిచిపోవుటకు కారణము అందులోని జవాబు కాదు. తీరని చిక్కును తీరనట్లుగానే చూపుట.

ఇట్టి సూచన అంతకు నూరేండ్ల ముందే ఒకటి కలదు. 1735 తరువాత దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో భూమిని కొలిచిన పియరీ బూగర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, చింబొరాజో పర్వతము తాను అనుకొన్నదానికన్న చాల తక్కువగా గుండును లాగుట గమనించెను. కాని అప్పటి కొలతలు అంత సూక్ష్మమైనవి కానందున విషయము అంతటితో నిలిచినది.

తెప్ప దుంగలు

ప్రాట్ వ్యాసము చదువబడిన కొలది వారములకే, 1855 జనవరిలో, ఇంగ్లండు రాజఖగోళజ్ఞుడు జార్జి బిడెల్ ఎయిరీ ఒక చిన్న వ్యాసము పంపెను. ఈ ఫలితమునకు ఆశ్చర్యపడ నక్కరలేదనియు, ఇట్లే జరుగునని ముందే ఊహింపదగి యుండెననియు అతడు వాదించెను. ఇంత ఎత్తైన పర్వతమును భూమి పైపెంకు ఒక బల్లవలె మోయజాలదు, విరిగిపోవును. కావున పర్వతము క్రింది బరువైన పదార్థములో తేలుచుండవలెను.

దీనికి ఎయిరీ ఇచ్చిన ఉపమానము నీటిపై తేలు దుంగల తెప్ప. తిరుమల స్వామి పుష్కరిణిలో తెప్పోత్సవము చూచినవారికి తెప్ప సంగతి క్రొత్త కాదు. తెప్పలోని దుంగలలో ఒకటి మిగిలినవానికన్న ఎత్తుగా కనబడినచో, అది నీటిలోపల కూడ మిగిలినవానికన్న లోతుగా దిగియున్నదని నిస్సంశయముగా చెప్పవచ్చును. పర్వతములును అట్లే. పైకి ఎంత లేచిన క్రిందికి అంతకు అనేక రెట్లు వేరు దిగియుండును. ఆ వేరు తేలిక రాయి. దాని చుట్టు నున్నది బరువైన రాయి. బరువైన దానిని తొలగించి తేలికది కూర్చున్నందున అక్కడ ద్రవ్యరాశికి లోటు కలుగును. పైన కొండవలన కలిగిన ఎక్కువను క్రింది లోటు చాలవరకు రద్దుచేయును. అందుచేతనే గుండు తక్కువగా ఒరిగినది.

ప్రాట్ ఈ వివరణను అంగీకరింపలేదు. 1859 మొదలుకొని తన సొంత వివరణను ఇచ్చెను. అతని మతమున అన్ని నిలువు స్తంభముల అడుగు ఒకే లోతున నుండును; సాంద్రతలో మాత్రము భేదము. తేలిక పదార్థము ఎత్తుగా పొంగి పర్వతమైనది. బరువైనది అణగి సముద్రపు అడుగైనది.

ఈ రెండు మతముల భేదమును తరగతి గదిలోనే చూపవచ్చును. ఒకే కట్టెనుండి కోసిన, ఒకే అడ్డుకొలత గలిగి వేర్వేరు పొడవులు గల ముక్కలను, ఒరిగిపోకుండ ఇరుకైన పాత్రలో నిలువుగా చేర్చి నీటిలో తేల్చవలెను. పొడవైనది పైకి ఎక్కువగాను, క్రిందికి కూడ ఎక్కువగాను నుండును. ఇది ఎయిరీ మతము. తరువాత బూరుగు, టేకు వంటి వేర్వేరు కట్టెలనుండి ఒకే అడ్డుకొలత, ఒకే బరువు గల ముక్కలను కోసి తేల్చవలెను. అన్నియు ఒకే లోతునకు మునుగును. తేలిక కట్టె మాత్రము పైకి ఎత్తుగా నిలుచును. ఇది ప్రాట్ మతము. రెండింటిలోను ఒకటే సూత్రము: ఒకానొక లోతున చూచినచో ప్రతి స్తంభము బరువును సమానము. 1889లో క్లారెన్స్ డటన్ అను అమెరికా భూవిజ్ఞాని ఈ సూత్రమునకు ఐసోస్టసీ అను పేరు పెట్టెను. తెలుగున దీనిని సమస్థితి యందురు.

తరువాతి సాక్ష్యములు

గుండు ఒక సాక్షి. లోలకము రెండవ సాక్షి. లోలకము ఊగు వేగమువలన గురుత్వబలము ఎంతయో తెలియును. 1865 మొదలు కెప్టెన్ బసేవి దక్షిణాగ్రమునుండి హిమాలయముల వరకు లోలకములను మోసికొనిపోయి కొలిచెను. ఎత్తునకు, కనబడు రాతి ఆకర్షణకు లెక్క సవరించి చూడగా పర్వత ప్రాంతమున గురుత్వము తక్కువగా తేలినది. అడుగున ద్రవ్యరాశి లోటున్నదనుటకు ఇది స్వతంత్రమైన ఋజువు. బసేవి 1871లో లడఖులో 15,000 అడుగులకు మించిన ఎత్తున పని చేయుచు మరణించెను. ప్రాట్ కూడ ఆ యేడే మరణించెను.

1909లో మొహొరోవిచిచ్ అను క్రొయేషియా శాస్త్రజ్ఞుడు భూకంప తరంగములు ఒక లోతు దాటగానే వేగము పుంజుకొనుట గమనించెను. తేలికయైన భూపటలమునకును, దాని క్రింది బరువైన భూప్రావారమునకును అదియే సరిహద్దు. దీనితో భూపటలపు మందమును కొలుచుటకు మార్గమేర్పడినది. భారతదేశమున ఇట్టి లోతు కొలతలలో మొదటిది తెలుగునేలపైననే ఆరంభమైనది. 1961లో హైదరాబాదున నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1970 దశకపు తొలి యేండ్లలో సోవియట్ శాస్త్రజ్ఞుల సహకారముతో, నెల్లూరు జిల్లా కావలినుండి రాయలసీమ మీదుగా పడమటి తీరముననున్న ఉడిపి వరకు ఒక వరుసను ఎన్నుకొన్నది. దారిపొడవున మందుగుండు పేల్చి, లోపలినుండి తిరిగివచ్చు తరంగములను గుర్తించిరి. ఇక్కడి భూపటలపు మందము మొత్తముమీద 35 నుండి 40 కిలోమీటర్లని తేలినది.

ఇప్పుడు ఎయిరీ సూత్రమును పరీక్షింపవచ్చును. భూపటలపు సగటు సాంద్రత నీటికి 2.8 రెట్లు, దాని క్రింది ప్రావారమునకు 3.3 రెట్లు. టిబెట్టు పీఠభూమి ఎత్తు సుమారు 5 కిలోమీటర్లు. 5ను 2.8తో హెచ్చించి, సాంద్రతల భేదమైన 0.5తో భాగించినచో 28 వచ్చును. అనగా వేరు 28 కిలోమీటర్లు. మన నేల మందము 37గా తీసికొని, దానికి 5, 28 కలుపగా 70 కిలోమీటర్లగును. టిబెట్టు క్రింద భూకంప తరంగములు చూపిన మందము దాదాపు ఇంతే. పర్వతముల విషయమున ఎయిరీయే గెలిచెనని చెప్పవచ్చును. అయినను ప్రాట్ పూర్తిగా ఓడలేదు. మహాసముద్రముల నడిమి గట్లు ఎత్తుగా నుండుటకు ముఖ్య కారణము వేరు కాదు, అడుగున వేడెక్కి తేలికయైన పదార్థము.

ఒక్క విషయమున ఎయిరీ ఊహను దిద్దవలసి వచ్చినది. అతడు పెంకు క్రింద ద్రవమున్నదని తలచెను. ప్రావారము ద్రవము కాదు. ద్రవములో సాగని భూకంప తరంగములు దానిలో సాగుచున్నవి. అది ఘనపదార్థమే, కాని దీర్ఘకాలమున ప్రవహించును. తారుముద్దను సుత్తితో కొట్టిన పగులును. అదే ముద్దను ఎండలో కొన్నాళ్లు వదలిన పరచుకొనును. స్కాండినేవియాను పూర్వము కప్పిన 2, 3 కిలోమీటర్ల మంచుగడ్డ కరగి పదివేల సంవత్సరములైనను, అక్కడి నేల ఇంకను లేచుచునే యున్నది. బోత్నియా సింధుశాఖ తీరమున ఈ పెరుగుదల యేటికి దాదాపు 9 మిల్లీమీటర్లు.

తిరుమల రాళ్ల మాట

ఇప్పుడు కనుమదారి రాళ్లను చదువుట సులభము. అడుగుననున్న గ్రానైటు వయస్సు 200 కోట్ల సంవత్సరములకు మించినది. అది పుట్టినపుడు దానిపై కిలోమీటర్ల మందమున ఇతర శిలలుండెను. వానలు, నదులు వానిని అరగదీసినవి. వేయి మీటర్ల మందము గల రాయి కొట్టుకొనిపోయినచో నేల వేయి మీటర్లు తగ్గునని తోచును. అట్లు కాదు. సరకు దించిన పడవ పైకి తేలినట్లు భూపటలము లేచును. పైరాయి సాంద్రతను 2.7గా తీసికొన్నచో వేయి మీటర్లు పోయిన చోట సుమారు 820 మీటర్లు తిరిగి లేచును. నికరముగా తగ్గునది 180 మీటర్లే. ఈ లెక్కన నేల ఒక్క కిలోమీటరు తగ్గవలెనన్న అయిదున్నర కిలోమీటర్ల రాయి అరగిపోవలెను. లోతున పుట్టిన గ్రానైటు చిత్తూరు, తిరుపతి ప్రాంతపు గుట్టలపై నేడు ఎండకు కాగుచున్నదన్న దాని వెనుకనున్న తూకము ఇదే.

అట్లు అరగి చదునైన గ్రానైటు నేల పిమ్మట క్రుంగినది. దానిపై నీరు చేరి ఇసుక పరచినది. ఆ ఇసుకయే నగరి కొండల పేరిట నగరి క్వార్ట్జైటని పిలువబడు రాయి. దీనిలో నీటి అలలు తీర్చిన గురుతులు కనబడును. అవి లోతులేని నీటికి చిహ్నములు. కడప శిలలని పేరొందిన ఈ పొరల సముదాయమును విలియం కింగ్ 1872లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ప్రచురణలో విపులముగా వర్ణించెను. ఈ శిలలు పేరుకొనిన పల్లములో వీని మందము కొన్ని కిలోమీటర్లు. నీరు లోతులేనిది, పొరలేమో కిలోమీటర్ల మందము; ఇది ఎట్లు పొసగును? ఇసుక నిండుచుండగా అడుగు దిగుచుండెననియే చెప్పవలెను. పేరుకొనిన బరువు అడుగును మరింత నొక్కును. మరింత చోటు కలుగును. అయితే బరువు ఒక్కటే ఈ పనిని ఆరంభింపజాలదు. భూపటలము సాగి పలుచబడుట, లోపలి వేడి తగ్గుట వంటివి పల్లమును త్రవ్వగా, సమస్థితి దానిని లోతు చేసినది.

గ్రానైటు అరిగిన ముఖమునకును, దానిపై పరచుకొన్న క్వార్ట్జైటునకును నడుమ గడచిన కాలము కనీసము 50 కోట్ల సంవత్సరములు. ఆ కాలపు పుటలన్నియు ఇక్కడ చిరిగిపోయినవి. భూవిజ్ఞానులు ఈ అతుకును ఎపార్కియన్ అననురూపత యందురు. తిరుమలపైననున్న శిలాతోరణమువలెనే ఇదియు జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా గుర్తింపబడినది.

ఇక్కడ ఒక పొరపాటు పడరాదు. సుమారు 850 మీటర్ల ఎత్తుగల తిరుమల కొండ క్రింద హిమాలయమునకువలె ప్రత్యేకమైన వేరు వ్రేలాడుచున్నదని విద్యార్థులు తలపవచ్చును. అట్లు లేదు. పెద్ద తెప్పపై ఒక బిందె పెట్టినచో బిందె క్రింద మాత్రమే తెప్ప గుంటపడదు. తెప్ప అంతయు కలిసి ఆ బరువును మోయును. భూపటలమునకును బిగువు గలదు. కొలది కిలోమీటర్ల వెడల్పు గల కొండను ఆ బిగువే మోయును. వందల కిలోమీటర్ల వెడల్పు గల పర్వతశ్రేణుల వద్దను, పీఠభూముల వద్దను మాత్రమే తేలుటయే గతి. కావున సమస్థితిని ఒంటి గుట్టలో వెదుకరాదు. విశాలమైన భూభాగములలోను, దీర్ఘమైన కాలములోను చూడవలెను.

ఉపాధ్యాయులు ఈ పాఠమును చెప్పునపుడు వేరు లోతు లెక్కతోపాటు 5.236 అను అంకెను కూడ పిల్లల ముందుంచుట మంచిది. ఆ అంకెను ఒకరు దోషమని సర్దివేసిరి. వేరొకరు కారణము వెదకి, లెక్క కుదరక, కుదరలేదనియే ప్రకటించిరి. మూడవవారు ఆ కుదరనితనములోనే భూమి కట్టడమును చూచిరి. ప్రయోగశాలలో విద్యార్థి కొలత పుస్తకములోని అంకెతో కలియనపుడు దానిని తుడిచివేసి సరియైన అంకె వేసికొనుట పరిపాటి. తుడువకముందు, ఆ తేడా ఎంత, ఎటువైపు, మరల కొలిచినను అంతే వచ్చునా అని అడుగుట నేర్పవలెను.